‘నా మీద అనుమానమా?’ అంటున్న అన్నయ్యకు

ప్రకాశం జిల్లా సముద్రతీరంలోని ఒక పట్టపుపాలెం, అంటే మత్స్యకారుల పల్లె, నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది. ఎవరినైనా గుర్తుపట్టే వివరాలుంటే తీసేసి, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

రాసినాయనకు ముప్పై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. పగలు దగ్గరి టౌన్లో రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాస్తారు. సాయంత్రం ఆరున్నరకల్లా పాలెంలోని తుఫాను షెల్టర్ దగ్గరికి చేరుకుంటారు. ఒక రిటైర్డ్ మాస్టారు పెద్దదిక్కుగా, మరికొందరు స్నేహితులతో కలిసి అక్కడ ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు పాఠాలు చెబుతారు. ఆదివారాలు ఇసుకలో నెట్ కట్టి వాలీబాల్ ఆడిస్తారు. ఎవరూ రూపాయి తీసుకోరు. షెల్టర్‌లో ట్యూబ్‌లైట్లు కూడా వీళ్ళు చందాలేసుకుని పెట్టించినవే.

గొడవంతా పదో తరగతి చదివే ఒక కుర్రాడి గురించి. పదిహేనేళ్ళ పిల్లవాడు. తండ్రి వేటకు వెళతాడు, తాగుతాడు. తల్లి రొయ్యల కంపెనీలో నైట్ డ్యూటీ చేస్తుంది. సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కితే మళ్ళీ తెల్లారి దిగడమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో తండ్రి ఇంటిపట్టునే ఉన్నాడు. చేతిలో డబ్బు ఆడలేదు, తాగుడు మాత్రం ఆగలేదు. పిల్లవాడు ఇంటికి వెళ్ళడానికి భయపడి షెల్టర్ దగ్గరే ఆలస్యంగా ఉండిపోవడం మొదలుపెట్టాడు. అందరూ వెళ్ళాక ఈయన తన బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దించేవారు. వాలీబాల్‌కి మంచి షూస్ కొనిచ్చారు. ఫోన్‌కి రీచార్జి చేయిస్తున్నారు. రాత్రి పదకొండు దాటాక ‘అన్నా, నిద్దర పోయావా’, ‘అన్నా, నాన్న ఇంకా రాలా’ అని మెసేజ్‌లు వస్తాయి. అన్నింటికీ జవాబిస్తారు. ఒకరోజు వాడు చొక్కా ఎత్తి వీపు చూపించాడు. వలతాడు వాతలు. ఒకటి ఇంకా పచ్చిగానే ఉండి చొక్కాకి అంటుకుపోయింది. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యన్నా’ అన్నాడు. ఈయన ఒట్టేశారు.

ఇది ఇలా ఉండగా, బీఈడీ చేసి కొత్తగా వీళ్ళతో చేరిన ఒకమ్మాయి ఒక సమావేశంలో నోటుబుక్కు కాగితం మీద కొన్ని నియమాలు రాసుకొచ్చి చదివింది. ఒక్క పిల్లవాడితో విడిగా గదిలో ఉండకూడదు. ఒక్కరినే బండి మీద ఎక్కించుకోకూడదు. పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదైనా గ్రూపులోనే. ఎవరికి ఏది కొనివ్వాలన్నా అందరికీ చెప్పి కొనాలి. చదువుతున్నంతసేపూ ఆమె ఈయన వైపు చూడలేదు. మాస్టారు చూశారు. అంతకు కొద్దిరోజుల ముందే టీ బంకు దగ్గర ఎవరో ‘ఏందబ్బా, ఆ పిలగాణ్ణి దత్తత తీసుకున్నావా ఏంది’ అని నవ్వారు.

‘ఆడపిల్లయితే నేనే దూరంగా ఉండేవాణ్ణి. మగపిల్లవాడు, తమ్ముడిలాంటివాడు. షూస్ ఫొటో స్టేటస్‌లో కూడా పెట్టాను, దాచిందేముంది? ఇన్నేళ్ళు జీతం లేకుండా చేసినదానికి ఇదా నాకు దక్కింది? నా మీద అనుమానమా? మానేద్దామనుకుంటున్నాను. మానేస్తే వాడేమవుతాడు? వాడికేసిన ఒట్టు తీసి గట్టున పెట్టనా? వచ్చే నెల నెల్లూరులో టోర్నమెంటు ఉంది, ఒక రాత్రి ఉండాలి. వెళ్ళాలా, వద్దా?’ ఇవీ ఆయన ప్రశ్నలు. చివర్లో ఎక్కడో ఒక మూల, ఇంటర్ చదివే ఒక అమ్మాయి రోజూ గుడ్‌నైట్ అంటూ గుండె బొమ్మ పంపుతోందనీ, నొప్పించడం ఇష్టంలేక తానూ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాననీ రాశారు.

జవాబు:

మీరు రాసిందంతా నిజమని నమ్మే ఈ జవాబు రాస్తున్నాను. నమ్మకపోవడానికి నాకు కారణం లేదు. అలాగని నమ్మడానికి మీ ఉత్తరం తప్ప ఇంకో ఆధారమూ లేదు. కాగితం చదివిన ఆ అమ్మాయి పరిస్థితీ, మీవైపు చూసిన మాస్టారి పరిస్థితీ ఇదే. మీ మనసులో ఏముందో మీకు తెలుసు. వాళ్ళకు కనిపించేది మాత్రం అందరూ వెళ్ళాక ఒక పిల్లవాడితో ఉండిపోయే మనిషి, వాణ్ణి బండెక్కించుకుపోయే మనిషి, కానుకలిచ్చే మనిషి. కష్టంగా ఉన్నా ఒక మాట చెప్పాలి. పిల్లల్ని పాడుచేయాలనే ఉద్దేశంతో చేరేవాడు కూడా మొదటి కొన్ని నెలలు సరిగ్గా ఇవే పనులు చేస్తాడు. ఇంట్లో ఆదరణ లేని పిల్లవాణ్ణి చూసుకుంటాడు, చిన్న చిన్న అవసరాలు తీరుస్తాడు, ‘నీకు నేనున్నాను’ అంటాడు, చివరికి ఇద్దరి మధ్యా ఒక రహస్యం ఏర్పరచుకుంటాడు. మీరు అలాంటివారని అనడం లేదు. బయటినుంచి చూసేవాళ్ళకు ఆ తేడా కనిపించే దారి లేదంటున్నాను, అంతే.

అందుకే నియమాలు మనిషిని బట్టి పెట్టరు. బోటులో అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలని చెప్తే, బోటు నడపడం సరంగుకు రాదని అన్నట్టు కాదు కదా. మీకు ఇది అవమానంగా తోచడానికి నాకు కనిపించే కారణం, ఆ కాగితం మీ గురించే రాశారని మీరు అనుకోవడం. బహుశా కొంతవరకు నిజమే కావచ్చు. ఆ అమ్మాయి మిమ్మల్ని చూసే ఆ ఆలోచన చేసి ఉండొచ్చు. అయితే ఏం? ఆమె టీ బంకు దగ్గర నవ్వలేదు, మీ వెనకాల మాస్టారి చెవిలో ఊదలేదు. అందరిముందు, ఎవరి పేరూ ఎత్తకుండా, అందరికీ వర్తించేలా చెప్పింది. కొత్తగా చేరిన ఆడపిల్ల, పాతవాళ్ళ మధ్య నిలబడి ఈ మాట ఎత్తడానికి ఎంత జంకి ఉంటుందో ఒకసారి ఆలోచించండి. మీ ఉత్తరంలో ఆమె మీద కోపం ఉంది. నాకైతే మీ బృందంలో మీకు అందరికంటే పనికొచ్చే మనిషి ఆమే అనిపిస్తోంది.

ఇప్పుడు మీ గురించి కాకుండా ఆ పిల్లవాడి వైపునుంచి చూద్దాం. పదిహేనేళ్ళవాడు ఈ కొన్ని నెలల్లో మీ దగ్గర ఏం నేర్చుకున్నాడు? నన్ను ప్రేమగా చూసే పెద్దవాళ్ళు రాత్రి పూట విడిగా మాట్లాడతారు, డబ్బులిస్తారు, ఎక్కడికైనా ఒంటరిగా తీసుకెళతారు, మన మాటలు మూడో మనిషికి చెప్పకూడదు. మీ దగ్గర ఇది వాడికి హాని చేయలేదు. రేపు ఇంటర్ చదవడానికి ఒంగోలులోనో కావలిలోనో హాస్టల్లో చేరతాడు. అక్కడ ఇంకో ‘అన్న’ ఇవే పనులు మొదలుపెడితే వాడికి తేడాగా అనిపించదు, ఎందుకంటే మంచివాళ్ళంటే ఇలాగే ఉంటారని మీరే అలవాటు చేశారు. నియమాలు మీకోసం కాదు, ఊరివాళ్ళ నోళ్ళు మూయించడానికీ కాదు. మంచి పెద్దవాళ్ళు ఎలా మసలుకుంటారో వాడు కళ్ళారా చూడాలి. రేపు ఎవరైనా గీత దాటితే, ‘మా షెల్టర్‌లో ఎవరూ ఇలా చేసేవాళ్ళు కాదే’ అని వాడికి తట్టాలి.

‘ఆడపిల్లయితే దూరంగా ఉండేవాణ్ణి’ అన్నారు. ఈ మాట మన దగ్గర చాలామంది అంటారు, మగపిల్లవాడికి ఏమవుతుందిలే అని. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో చేశారు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పిన పిల్లల్లో సగం కంటే కాస్త ఎక్కువమంది మగపిల్లలే. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు అందరినీ పిల్లలే అంటుంది, ఆడా మగా తేడా చూపదు. మగపిల్లవాడికి ఇంకో చిక్కు కూడా ఉంది. వాడికి ఏదైనా జరిగితే ఎవరూ అడగరు, వాడూ చెప్పుకోలేడు. మీ కుర్రాడు వీపు మీద వాతలే ఒట్టేయించుకుని చూపించాడు!

పైగా, ఆడపిల్లలకు దూరంగా ఉంటానంటూనే ఇంటర్ అమ్మాయికి రోజూ నవ్వు బొమ్మ పంపుతున్నారు. మీకు అది మర్యాద. ఆ అమ్మాయికి మాత్రం అది రోజూ అందుతున్న జవాబు. రేపటినుంచి మానేయండి. ఏమీ చెప్పకుండా ఒక్కసారి మాయమైపోతే తనేదో తప్పు చేశాననుకుంటుంది. ‘అమ్మా, సెంటర్‌లో అందరం కొత్త పద్ధతి పెట్టుకున్నాం, ఇకనుంచి ఏ విషయమైనా గ్రూపులోనే’ అని ఒక్క మెసేజ్, అది కూడా ఆ బీఈడీ అమ్మాయికి చెప్పి పెట్టండి. గుండె బొమ్మ గురించి ఎత్తొద్దు, నీతులు చెప్పొద్దు. ఆ వయసులో అది పెద్ద నేరమేమీ కాదు. పెద్దవాళ్ళుగా గీత గీయాల్సింది మీరు.

‘స్టేటస్‌లో పెట్టాను, దాచిందేముంది’ అన్నారు. ఇక్కడ నాకు కాస్త కోపం కూడా వచ్చింది. ఆ ఫొటోతో వాడికి షూస్ కొనుక్కునే స్తోమత లేదని పాలెమంతా చాటారు. తాగివచ్చిన తండ్రి దాన్ని చూశాడో లేదో, చూస్తే ఏమనుకుని ఉంటాడో ఆలోచించారా? పేదపిల్లలకు నోటుబుక్కులు ఇస్తూ వాళ్ళని కెమెరా వైపు తిప్పే ఫొటోలంటే నాకు మొదటినుంచీ గిట్టదు. సరే, అది పక్కన పెడితే, మీరు ఊరందరికీ చెప్పిన విషయం ఊరికి తెలియనక్కర్లేనిది. మాస్టారికీ తోటివాళ్ళకూ తెలియాల్సిన సంగతులు మాత్రం, అంటే రాత్రి మెసేజ్‌లూ, వాతలూ, ఒట్టూ, ఎవరికీ తెలియవు. మీ ఉత్తరంలో నాకు కనబడిన అసలు తప్పు ఒక్కటే. ప్రేమ ఎక్కువ కావడం కాదు, ఆ ప్రేమకు బాధ్యతగల ఇంకో మనిషి సాక్షి లేకపోవడం. బండి, ఫోను, షూస్, ఒట్టు అన్నీ కలిపి ఒకటే ముడి.

ఆ ముడిని విప్పడం ఒట్టుతోనే మొదలుపెట్టాలి.

ఆ ఒట్టు మీరు నిలబెట్టుకోవాల్సింది కాదు, అసలు వేయాల్సింది కూడా కాదు. ఏ పిల్లవాడికీ ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు. ‘అవసరం లేనివాళ్ళెవరికీ చెప్పను, నిన్ను కాపాడాలంటే చెప్పాల్సినవాళ్ళకు చెబుతాను, ముందు నీకు చెప్పే చెబుతాను’ అని మాత్రమే అనాలి. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు వాడికి తెలియకుండా వెళ్ళి చెప్పేస్తే వాడి దృష్టిలో మీరూ మోసగాళ్ళలో ఒకరవుతారు. కాబట్టి మొదట వాడితో మాట్లాడండి. అందరికీ కనిపించే చోట, వినిపించనంత దూరంలో. నెట్ కట్టిన చోట ఆట అయ్యాక అలా పక్కకు కూర్చోవచ్చు, మిగతావాళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ‘ఆరోజు ఒట్టేశాను గానీ, అది నేను వేయకూడని ఒట్టురా. నీ వీపు చూశాక ఊరుకుంటే నేను నీకు అన్నని కాను. మాస్టారికీ, మీ అక్కకీ చెబుతాను. ఇంకెవరికి చెప్పాలో నిన్ను అడిగే చెబుతాం’ అనండి. అక్క అంటే ఆ బీఈడీ అమ్మాయే. వాడు ఏడుస్తాడు, కోప్పడతాడు, రెండు రోజులు సెంటర్‌కు రాకపోవచ్చు. అది తప్పదు. వాడు రానప్పుడు మీరొక్కరే వాళ్ళింటికి వెళ్ళొద్దు, మాస్టారిని తీసుకెళ్ళండి.

ఈ సందర్భంలో కొన్ని జాగ్రత్తలు. వాణ్ణి గుచ్చి గుచ్చి అడగొద్దు. వాడు చెప్పింది వినండి, వాడి మాటల్లోనే తేదీతో సహా ఒక కాగితం మీద రాసి మాస్టారికి ఇవ్వండి. వీపు ఫొటో తీయొద్దు, అది మీ ఫోన్‌లో అసలు ఉండకూడదు. పుండు పచ్చిగా ఉంటే తల్లికి చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. డాక్టరు చూసి రాసేది ఫొటో కంటే బలమైన ఆధారం. మాటల్లో ఎక్కడైనా కొట్టడం కాకుండా వేరే రకమైన హాని, అంటే ఎవరో ఒంటిమీద చేయి వేశారనో, బలవంతం చేశారనో బయటపడితే, అక్కడితో మీ ఇష్టాయిష్టాల ప్రసక్తి అయిపోతుంది. పోక్సో చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదని కూడా అదే చట్టం చెబుతోంది. పిల్లవాడి వాంగ్మూలాన్ని స్టేషన్‌కి పిలవకుండా వాడింట్లోనో, వాడు కోరుకున్న చోటో, యూనిఫాం లేకుండా తీసుకోవాలి.

ఇప్పటివరకు మీరు చెప్పింది తండ్రి కొట్టడం. తండ్రి కొడితే అది ఇంటి విషయం అంటారు చాలామంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం అలా అనదు. పిల్లల బాధ్యత చూసేవాళ్ళు వాళ్ళని హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. అంత దూరం వెళ్ళాలా, మధ్యలో ఆగవచ్చా అన్నది మీరూ మాస్టారూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఒక్కో దారికి ఒక్కో ఖర్చు ఉంది.

తల్లితో మొదలుపెట్టడం ఒకటి. ఆమెకు తెలియకపోయే అవకాశం తక్కువ. తెలిసి, ఏంచేయాలో తెలియక ఊరుకుని ఉంటుంది. ఆమెతో మాట్లాడాల్సింది మీరు కాదు, ఆ బీఈడీ అమ్మాయో, అంగన్‌వాడీ టీచరో. తెల్లారి డ్యూటీ నుంచి వచ్చాక, భర్త బయటికి వెళ్ళిన వేళ. పిల్లవాడికి మేనమామ ఇల్లో, అమ్మమ్మ ఇల్లో దగ్గర్లో ఉంటే పరీక్షలయ్యేదాకా అక్కడ పడుకునే ఏర్పాటు చేసుకోగలరేమో అడగవచ్చు. నాకు దీనిమీద ఆశ ఎక్కువ. ఇందులో వాడు చదువుకు దూరం కాడు, ఇంటికీ దూరం కాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆమె భయపడి రాత్రికి భర్త దగ్గర నోరు జారితే దెబ్బలు ఇద్దరికీ పడతాయి. అందుకే ఆమెకు చెప్పే రోజున పిల్లవాడు రాత్రి ఎక్కడుంటాడో ముందే అనుకుని ఉండాలి.

రెండోది ఊరి పెద్దకాపులు, అంటే పాలెం పెద్దలు. పాలెంలో వాళ్ళ మాటకు విలువుంది, తండ్రి వాళ్ళకు జంకుతాడు కూడా. కానీ అక్కడికి వెళ్ళిన విషయం సాయంత్రానికి ప్రతి గుడిసెకూ చేరుతుంది. పరువు పోయిందన్న కోపం మళ్ళీ పిల్లవాడి వీపు మీదికే వస్తుంది. పైగా పెద్దల్లో కొందరు ‘తండ్రి కాకపోతే ఎవురు కొడతారు’ అనేవాళ్ళు ఉండనే ఉంటారు. తాగుడు మాన్పించడానికైతే పెద్దకాపుల దగ్గరికి వెళ్ళండి, దెబ్బల విషయం మాత్రం అక్కడ బహిరంగంగా పెట్టొద్దనే నా సలహా.

మూడోది 1098. పిల్లల కోసం పెట్టిన ఉచిత నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. లేదంటే ఒంగోలులో జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్నీ, బాలల సంక్షేమ కమిటీనీ నేరుగా కలవొచ్చు. కమిటీలో చైర్‌పర్సన్ కాక నలుగురు సభ్యులుంటారు, కనీసం ఒక మహిళ ఉండితీరాలి. ‘పిల్లవాణ్ణి పట్టుకెళ్ళి హోంలో పడేస్తారు’ అని అందరికీ భయం. చట్టం చెప్పేది వేరు. పిల్లవాణ్ణి కుటుంబంలోనే ఉంచడానికి మొదట ప్రయత్నించాలి, హోం అనేది వేరే దారి లేనప్పుడే. తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇవ్వడం కూడా కమిటీ పనే. అయితే చిన్న పాలెంలోకి జీపు వస్తే ఫోన్ చేసిందెవరో ఊహించడం పెద్ద పని కాదు. తండ్రి మీ సెంటర్ మీదికి వస్తాడు. అప్పుడు మీరంతా ఒకే మాట మీద ఉండాలి. నా అంచనా చెప్పమంటే, తల్లితో మాట్లాడాక కూడా దెబ్బ పడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఈ వరసలన్నీ వదిలేసి వెంటనే అత్యవసర నంబరు 112కో, 1098కో ఫోన్ చేయండి.

ఇక మానేయడం గురించి. మానేయవచ్చు, అది మీ హక్కు. ఇన్నేళ్ళు చేశారు, ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇప్పుడు అలిగి మానేస్తే రెండు జరుగుతాయి. టీ బంకు దగ్గర నవ్వినవాళ్ళు ‘చూశారా, ఏదో ఉంది కాబట్టే పోయాడు’ అంటారు. అది మీకు నష్టం. అంతకంటే పెద్ద నష్టం వాడిది. వాతలు చూపించిన వారాల్లోనే చూపించినవాడి అన్న మాయమైపోయాడంటే, ఇంకెప్పుడూ ఎవరికీ చూపించకూడదన్న పాఠం వాడికి అబ్బుతుంది. మానేయాలనే ఉంటే వాడి విషయం మాస్టారి చేతుల్లోకీ ఆ అమ్మాయి చేతుల్లోకీ పూర్తిగా వెళ్ళాక, పిల్లలందరికీ ముందే చెప్పి, మంచిగా వెళ్ళండి. నియమాలు పట్టించుకోకుండా ఇలాగే కొనసాగుదామనుకుంటే మాత్రం, రేపు ఎవరైనా ఏదైనా ఫిర్యాదు చేస్తే మీ తరఫున నోరు విప్పడానికి ఒక్క మనిషి ఉండడు. మాస్టారు కూడా ఇరుక్కుంటారు. పెద్దవయసులో ఆయనకా టెన్షన్ ఎందుకు?

ఉండటమే మంచిదని నేను అనుకుంటున్నాను. ఉంటే ఏం మారుతుందో చూద్దాం. రాత్రి మెసేజ్‌లు ఒక్కసారిగా కట్ చేస్తే వాడు మునిగిపోతాడు. కాబట్టి వాణ్ణి, మిమ్మల్ని, మాస్టారిని, ఆ అమ్మాయిని కలిపి ఒక చిన్న గ్రూపు పెట్టండి. రాత్రి తొమ్మిదిన్నర దాటాక మామూలు కబుర్లు ఉండవు, భయం వేస్తే మాత్రం ఏ టైములోనైనా పెట్టొచ్చు, మీ ముగ్గురిలో ఎవరు చూస్తే వాళ్ళు జవాబిస్తారు. మొదట్లో వాడు అక్కడ ఏమీ రాయడు. మీకు విడిగా పెడితే ‘గ్రూపులో పెట్టరా’ అని మాత్రం జవాబివ్వండి, ప్రతిసారీ. కొన్ని రోజులకు అలవాటవుతుంది. ఇంటికి దించడానికి అటువైపు వెళ్ళే పిల్లలంతా గుంపుగా నడిచి వెళ్ళే ఏర్పాటు చేయండి, వెనకాల మీరో మరో వాలంటీరో నడవండి. వానాకాలంలో కుదరకపోతే ఆటో మాట్లాడండి, సెంటర్ ఖర్చుల్లో రాయండి. రీచార్జి కూడా అంతే. నలుగురి సొమ్ములోంచి, నలుగురికీ తెలిసి, అవసరమున్న పిల్లలందరికీ. షూస్ వెనక్కి తీసుకోవద్దు, వాడు నొచ్చుకుంటాడు. స్టేటస్ ఫొటోను ఇంకెవరికైనా పంపి ఉంటే తీయించేయండి.

ఒక పని మీవల్లే అవుతుంది. ఆ అమ్మాయి కాగితం నేను చూడలేదు గానీ, మీరు రాసినదాన్ని బట్టి అన్నీ ‘చేయకూడదు’లే ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ఒక పిల్లవాడు భయపడి ఫోన్ చేస్తే ఏం చేయాలి? ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఎన్ని గంటల్లోపు? ఇద్దరు పెద్దవాళ్ళలో ఒకరు రాకపోతే ఆ రోజు సెంటర్ తెరవాలా? వాలంటీర్ మీదే పిల్లలు ఫిర్యాదు చేస్తే వినేదెవరు? వీటికి జవాబులు అందులో లేవు. అలాంటి రాత్రులు గడిపిన మనిషి మీ బృందంలో మీరొక్కరే. తదుపరి సమావేశంలో మీరే లేచి ‘వీటిని కూడా రాద్దాం’ అనండి. కొత్తగా చేరేవాళ్ళకు పోలీసు వెరిఫికేషన్ చేయించే విషయం కూడా అక్కడే మాట్లాడుకోండి. పిల్లలతో నిత్యం సంబంధం ఉండే సంస్థలన్నింటికీ, స్పోర్ట్స్ అకాడమీలతో సహా, సిబ్బంది వెరిఫికేషన్ తప్పనిసరి అని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. మాది రిజిస్టర్ అయిన సంస్థ కాదు కదా అనకుండా మొదటి దరఖాస్తు మీదే పెట్టండి. మాస్టారు ఆరోజు చూసిన చూపుకు ఇంతకంటే మంచి జవాబు నాకు తోచడం లేదు.

నెల్లూరు టోర్నమెంటుకు వెళ్ళండి. వాణ్ణి తీసుకెళ్ళండి కూడా, బాగా ఆడతాడంటున్నారు. ప్రతి పిల్లవాడి ఇంటినుంచీ సంతకం తీసుకోండి. ఈ కుర్రాడికి తల్లి సంతకం చాలు. రానూపోనూ బస్సులోనే, అందరూ కలిసి. బస ఎక్కడో, తలుపులు ఎలా ఉన్నాయో, బాత్రూమ్‌లు ఎక్కడో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పిల్లలంతా ఒకే హాల్లో పడుకోవాలి, పెద్దవాళ్ళు ఇద్దరూ తలుపు దగ్గర వేరే చాపల మీద. పిల్లలు బట్టలు మార్చుకునేచోటికి పెద్దవాళ్ళు వెళ్ళకూడదు. నొప్పులకు బామ్ రాయాల్సి వస్తే పిల్లలే ఒకరికొకరు రాసుకుంటారు, లేదా అందరిముందు. ఆడపిల్లల జట్టు కూడా ఉంటే ఒక మహిళ వెంట ఉండాల్సిందే. ఆ రాత్రికి మీతో వచ్చే రెండో పెద్దమనిషి దొరకకపోతే ఆ టోర్నమెంటు వదిలేయండి. కావాలంటే ఆ ఆదివారం ఒంగోలు జట్టునొకదాన్ని పాలేనికే పిలిచి ఆడించుకోవచ్చు.